గడ్డం కింద మాస్కు ఏం చేస్తోంది?

2020 జూన్. బంగారుపాళ్యం మార్కెట్లో తోతాపురి దిగుతోంది. చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా బెంగళూరు పోయే దారిలో ఉన్న ఈ ఊరికి ఏడాదిలో తక్కిన నెలలన్నీ ఒక ఎత్తు, మామిడి నెలలు ఒక ఎత్తు. ట్రాక్టర్లు, మినీ లారీలు బారులు తీరతాయి. కాయను కుప్పలు పోస్తారు, ఏరుతారు, క్రేట్లకెత్తి గుజ్జు ఫ్యాక్టరీకో ఉత్తరాది లారీకో ఎక్కిస్తారు. ఆ ఏడు ఈ హడావుడిలోకి మాస్కు కూడా వచ్చి చేరింది. అందరి దగ్గరా ఉంది. ముక్కు మీద మాత్రం కొందరికే ఉంది. ఎక్కువమందికి గడ్డం కింద వేలాడుతోంది, ఇంకొందరికి ఒక చెవికి.

తోతాపురి తొడిమ తుంచితే సొన చిమ్ముతుంది. ఆ సొన చేతికంటితే మంట, గుడ్డకంటితే మరక. ఎంత ఉతికినా ఆ నలుపు వదలదు. మార్కెట్లో కాయ మోసే హమాలీ మాస్కును దగ్గర్నుంచి చూస్తే ముక్కు దగ్గరి మడత మీద రెండు నల్లటి మచ్చలు కనబడేవి. ఒకటి బొటనవేలిది, ఒకటి చూపుడువేలిది. పొద్దున్నించీ దాన్ని ఎన్నిసార్లు కిందికి లాగాడో, ఎన్నిసార్లు పైకి ఎక్కించాడో ఆ మచ్చలే సాక్ష్యం.

ఈ అధ్యాయంలో మనకు కావలసింది ఆ మచ్చల సంగతే. మాస్కు మీద నమ్మకం లేనివాడు దాన్ని తీసి జేబులో పెట్టుకోవచ్చు. నమ్మకం ఉన్నవాడు ముక్కు మీదే ఉంచుకోవచ్చు. గడ్డానికి కరోనా రాదని ఇద్దరికీ తెలుసు. మరి ఆ గుడ్డ గడ్డం దగ్గర ఏం పని చేస్తోంది?

మండీ ముందర మాటలు అటూ ఇటుగా ఇలా సాగేవి:

“మామా, మాస్కు పైకేసుకో.”

“ఏసుకుంటే నా కేక ఎట్ట ఇనపడతాది రా? రేటు నువ్వు చెప్తావా?”

నిజమే, మూతి కప్పుకుని రేటు అరవడం కష్టం. అయితే అరిచేటప్పుడే మూతి కప్పుకోవాలని శాస్త్రం అంటుంది. తిట్టుకున్నా లాభం లేదు, రెండూ ఒకే నోటితో చేయాల్సిన పనులు.

గుడ్డకు కన్నాలు లేవా?

ఆ రోజుల్లో టీ బంకుల దగ్గర గట్టిగా వినబడిన వాదన ఒకటుంది. వైరస్ సైజు మైక్రాన్‌లో పదోవంతు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. నూలుగుడ్డ పోగుల మధ్య సందులు దానికి కొన్ని వందల రెట్లు ఉంటాయి. ఇంత కన్నంలోంచి అంత చిన్నది దూరిపోదా? వినడానికి తిరుగులేని లెక్క. చదువుకున్నవాళ్లు కూడా దీని ముందు తడబడ్డారు.

ఈ లెక్కలో రెండు చోట్ల తేడా ఉంది. మొదటిది, వైరస్ ఒంటరిగా బయలుదేరదు. ఊపిరితిత్తుల నుంచి, గొంతు నుంచి, నోటి నుంచి వచ్చే తడి తుంపరల్లో ఉండి వస్తుంది. 2020 ఏప్రిల్‌లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన ఫిలిప్ ఆన్‌ఫిన్‌రుడ్ బృందం ఒక చీకటి పెట్టెలో పలచటి లేజర్ వెలుగు పరిచి, దాని ముందు ఒక మనిషితో ‘స్టే హెల్దీ’ అనిపించింది. దగ్గలేదు, తుమ్మలేదు. అన్నది రెండే మాటలు. వెలుగులో వందల తుంపరలు మెరిశాయి. తడి గుడ్డ ఒకటి నోటికి అడ్డం పెట్టి మళ్లీ అనిపిస్తే మెరుపులు దాదాపు మాయమయ్యాయి. అంతకు ముందు ఏడాదే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో సిమా అసదీ, విలియం రిస్టెన్‌పార్ట్ బృందం గొంతు పెరిగేకొద్దీ నోటినుంచి వచ్చే తుంపరల సంఖ్య కూడా పెరుగుతుందని కొలిచి చూపింది. కొందరు మనుషులు అదే గొంతుతో మాట్లాడినా తక్కినవాళ్లకన్నా ఎన్నో రెట్లు తుంపరలు వదులుతారు. వాళ్లెవరో చూసి చెప్పలేం. రేటు అరిచే మామ ఆ కొందరిలో ఒకడైతే మార్కెట్‌కు అది మంచి రోజు కాదు.

రెండో తేడా గుడ్డను జల్లెడ అనుకోవడంలో ఉంది. జల్లెడ అయితే కన్నంకన్నా చిన్నది దాటిపోతుంది, పెద్దది ఆగుతుంది. మాస్కు అలా పనిచేయదు. బంగారుపాళ్యం నుంచి పలమనేరు వైపు పోయే ఎవరికైనా మొగిలి ఘాట్ తెలుసు. మలుపులో మోటారు సైకిలు వంగి తిరిగిపోతుంది. లోడు లారీ వేగం మీద ఉంటే తిరగలేక నేరుగా పోయి గట్టుకు గుద్దుకుంటుంది. మాస్కు లోపల గాలికి అలాంటి మలుపులు వేలు. ప్రతి పోగు చుట్టూ గాలి వంపు తిరగాలి. గాలితో వస్తున్న పెద్ద తుంపర బరువు వల్ల ఆ వంపు తిరగలేక పోగుకు తగిలి అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కుంటే మళ్లీ ఊడిరావడం అరుదు. మధ్యరకం తుంపర వంపు తిరిగినా పోగు పక్కగా రాసుకుంటూ పోయి అంటుకుంటుంది. మరీ చిన్న కణం సంగతి వేరు. గాలి అణువులు నలువైపులా నెట్టడంతో అది తిన్నగా పోలేక అటూ ఇటూ ఊగుతుంది, ఊగి ఊగి ఏదో పోగును తాకుతుంది. కాబట్టి పెద్దవీ ఆగుతాయి, మరీ చిన్నవీ ఆగుతాయి. జారిపోయే అవకాశం ఎక్కువున్నది 0.3 మైక్రాన్ దగ్గర. ఎన్95 మాస్కును పరీక్షించేది కూడా ఆ సైజుతోనే. అక్కడ 95 శాతం ఆపితే మిగతా సైజుల్లో ఇంకా మెరుగ్గా ఆపుతుంది.

ఎన్95 కిటుకు మరొకటి. దాని మధ్య పొర పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌ను కరిగించి ఊది తీసిన సన్నని పోగుల పొర. ఆ పోగులకు స్థిర విద్యుత్తు ఎక్కించి ఉంచుతారు. పోగు దగ్గరికి వచ్చిన కణాన్ని అది లాక్కుంటుంది. తైవాన్ నుంచి అమెరికా వెళ్లిన పీటర్ త్సాయ్ టెనెసీ విశ్వవిద్యాలయంలో ఉండగా ఈ పద్ధతిని మెరుగుపరిచి 1995లో పేటెంటు పొందారు. మనవాళ్లు ఖరీదు పెట్టి కొన్న ఎన్95ను సబ్బు పెట్టి ఉతికి దండెం మీద ఆరేశారు. ఉతికితే ఆ విద్యుత్తు పోతుంది. చూడ్డానికి మాస్కు శుభ్రంగానే ఉంటుంది, పని మాత్రం సగం పడిపోతుంది.

గుడ్డ మాస్కు ఎన్95కు సాటి రాదు. ముక్కు పక్కన, చెంపల దగ్గర సందు ఉంటే గాలి ఆ సందులోంచే పోతుంది. అయినా దానికో బలం ఉంది. నోటి నుంచి అప్పుడే వెలువడిన తుంపర తడిగా, పెద్దగా ఉంటుంది. గాలిలోకి వచ్చాక క్షణాల్లో ఆరి కుంచించుకుపోతుంది. కుంచించుకుపోయినదాన్ని ఎదుటి మనిషి ముక్కు దగ్గర పట్టుకోవడం కష్టం, పెద్దగా ఉన్నప్పుడే వదిలినవాడి మూతి దగ్గర పట్టుకోవడం సులువు. అంటే మామూలు గుడ్డ మాస్కు పెట్టుకున్నవాడికి చేసే మేలుకన్నా ఎదుటివాడికి చేసే మేలు ఎక్కువ.

ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. 1910–11 చలికాలంలో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చి అరవై వేలమంది దాకా పోయినప్పుడు, పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన ఊ లీన్ తె అనే యువ వైద్యుడు ఆ రోగం ఎలుకల నుంచి కాదు, మనిషి ఊపిరి నుంచే వస్తోందని చెప్పి దూది, గాజుగుడ్డతో మాస్కులు కట్టించాడు. అతని మాట కొట్టిపారేసి మాస్కు లేకుండా రోగుల దగ్గరికి వెళ్లిన ఫ్రెంచి డాక్టరు మెనీ కొద్దిరోజుల్లోనే ఆ ప్లేగుతో చనిపోయాడు. నూట పదేళ్ల తర్వాత కూడా వాదన మళ్లీ మొదటికొచ్చింది. జనం మాస్కులు పెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2020 జూన్ 5న. మన కేంద్ర ప్రభుత్వం ఆ పని రెండు నెలల ముందే, ఏప్రిల్ మొదటి వారంలో, ఇంట్లో కుట్టుకున్న మాస్కుల సలహాతో చేసింది. వైరస్ గాలిలో తేలుతూ వ్యాపిస్తుందని ఒప్పుకోండంటూ లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ రాసిన లేఖకు జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు మద్దతు తెలపాల్సి వచ్చింది.

నలుగురిలో

నేను పెట్టుకుంటే నీకు మేలు, నువ్వు పెట్టుకుంటే నాకు మేలు. చెమట నాది, మేలు నీది. అర్థశాస్త్రం చదివినవాళ్లను అడిగితే ఇలాంటి సరుకు ఎవరూ కొనరంటారు. అయినా కోట్లమంది నెలల తరబడి కొన్నారు, కట్టుకున్నారు. ఎందుకు కట్టుకున్నారో వాళ్లనే అడిగితే?

అడిగినవాళ్లున్నారు. 2020 మార్చి చివర్లో జపాన్‌లో కజుయా నకయాచి, మరి ముగ్గురు మనస్తత్వ పరిశోధకులు వెయ్యిమందిని ఆరు కారణాల మీద ప్రశ్నించారు. జబ్బు తీవ్రమైనదనా? మీకు రాకుండానా? మీనుంచి ఇతరులకు రాకుండానా? ఏదో ఒకటి చేయాలి కాబట్టా? పెట్టుకుంటే గుండె నిబ్బరంగా ఉంటుందనా? చుట్టూ ఉన్నవాళ్లు పెట్టుకున్నారనా? జవాబుల్ని మాస్కు వాడకంతో పోల్చి చూస్తే చివరి కారణం మిగతావాటిని చాలా వెనక్కి నెట్టేసింది. తనకు రాకుండా, ఇతరులకు సోకకుండా అన్న రెండు కారణాలకూ వాడకంతో ఉన్న సంబంధం బలహీనంగా తేలింది. జనం పెట్టుకున్నది ఎక్కువగా పక్కవాళ్లను చూసి.

ఇది చదివి జపాన్‌వాళ్లు అంతేలే అనుకోవద్దు. 1978లో మార్క్ గ్రానొవెటర్ అనే సమాజశాస్త్రవేత్త అల్లరిమూకల గురించి ఒక లెక్క వేశాడు. దాన్ని మన మార్కెట్‌కు వర్తింపజేద్దాం. ఎంతమంది పెట్టుకుంటే నేనూ పెట్టుకుంటాను అనే అంకె ఒకటి ప్రతి మనిషి లోపలా ఉంటుందనుకోండి. మార్కెట్లో వందమంది ఉన్నారు. ఒకడి అంకె సున్నా. ఎవరూ పెట్టుకోకపోయినా పెట్టుకుంటాడు. ఇంకొకడిది ఒకటి, మరొకడిది రెండు, అలా తొంభైతొమ్మిది దాకా. మొదటివాడు పెట్టుకోగానే రెండోవాడు, వాణ్ణి చూసి మూడోవాడు, కాసేపటికి వందమందీ మాస్కుల్లో ఉంటారు. ఇప్పుడు ఒకే ఒక్క మార్పు చేయండి: అంకె ఒకటిగా ఉన్నవాడి అంకె రెండు అయింది. మొదటివాడు పెట్టుకుంటాడు. అక్కడే ఆగిపోతుంది. మార్కెట్లో ఒక్కడే మాస్కుతో మిగులుతాడు, తొంభైతొమ్మిది మంది వాణ్ణి వింతగా చూస్తారు. ఈ రెండు మార్కెట్లలోని మనుషుల తెలివిలోగానీ మంచితనంలోగానీ తేడా ఏమీ లేదు. పక్క మండలంలో అందరూ పెట్టుకుంటున్నారు, మనవాళ్లకే బుద్ధిలేదు అని విసుక్కునే అధికారులు ఈ లెక్కను ఒకసారి చూసుకుంటే మంచిది.

గడ్డం మాస్కు గుట్టు ఇక్కడ విడిపోతుంది. మాస్కుకు రెండు పనులున్నాయి. ఊపిరిని ఆపడం ఒకటి, నేను మీలో ఒకణ్ణి అని చూపడం రెండోది. గడ్డం దగ్గరికి దిగితే మొదటి పని సున్నా, రెండో పని దాదాపు చెక్కుచెదరదు. పోలీసు అడిగితే ఉంది. మండీ ఓనరు చూస్తే ఉంది. అవసరమైతే అరసెకనులో పైకి లాగొచ్చు. హమాలీ వేళ్ల మచ్చలు చెబుతున్నది నిర్లక్ష్యం గురించి కాదని నా అభిప్రాయం. ఎవరు వస్తే పైకి, ఎవరు పోతే కిందికి అన్నది అతను పొద్దంతా గమనించుకుంటూ ఉన్నాడు. చిక్కు ఎక్కడంటే, గ్రానొవెటర్ లెక్కలో పక్కవాళ్లు కూడా అతణ్ణి గమనిస్తున్నారు. గడ్డం దాకా చాలు అన్న సంగతి కూడా అలాగే పాకుతుంది.

చట్టం చేసే పని ఆ అంకెలను ఒక్కసారిగా కిందికి దించడం. తెలంగాణ 2020 మేలో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అన్నది. ఆంధ్రలో 2021లో వంద రూపాయలు. జరిమానా కట్టినవాళ్లు ఎందరన్నది అంత ముఖ్యం కాదు. మాస్కు తప్పనిసరి అని ప్రకటించగానే, పెట్టుకున్నవాడు భయస్తుడన్న మాట పోయి పెట్టుకోనివాడు తేడా మనిషన్న మాట వస్తుంది. జర్మనీలో కార్నెలియా బెచ్ బృందం 2020లో ఏడు వేలమంది దాకా ప్రశ్నించి చూసినప్పుడు, ఇష్టమున్నవాళ్లు పెట్టుకోండి అన్న కాలంకన్నా అందరూ పెట్టుకోవాలి అన్న కాలంలో వాడకం పెరిగిందని తేలింది. మాస్కుందన్న ధీమాతో జనం మిగతా జాగ్రత్తలు వదిలేస్తారేమోనన్న భయం కూడా నిలవలేదు. పెట్టుకున్నవాళ్లే దూరం కూడా పాటించారు.

మనిషికి మూడు

2020 ఏప్రిల్ 12న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రంలో ప్రతి మనిషికీ మూడు మాస్కులు ఇస్తామంది. 5.3 కోట్ల జనాభాకు 16 కోట్ల మాస్కులు. గుడ్డ చేనేత సహకార సంస్థ ఆప్కోది, కుట్టు డ్వాక్రా మహిళలది, కూలి మాస్కుకు మూడున్నర రూపాయలు. లాక్‌డౌన్‌లో జాకెట్ల కుట్టు ఆగిపోయి మూలపడ్డ మిషన్లు మళ్లీ కదిలాయి. ముక్క కత్తిరించడం, మడతలు పెట్టడం, అంచు కుట్టడం, చెవులకు తాడు బిగించడం. మాస్కు ఆకారంలో కష్టమేమీ లేదు, జాకెట్టు చేయి తిప్పడంకన్నా సులువు. చిక్కంతా మడతల దగ్గర: మడతలు కిందికి తెరుచుకోవాలి. పైకి తెరుచుకుంటే దుమ్ము ఆ మడతల్లో చేరుతుంది. రోజుకు నూటయాభై కుడితే ఐదొందలు చేతికొస్తాయి.

మూడు ఎందుకు? ఒకటి మూతి మీద, ఒకటి దండెం మీద, ఒకటి అదనం. జనానికి చెప్పిన కారణం ఇదే. కానీ ఈ పథకం మరో పని కూడా చేసింది, అది ఎవరూ అనుకుని చేసింది కాకపోవచ్చు. మా ఆడపడుచు కుట్టింది, పక్కింటి వదిన కుట్టింది అన్న గుడ్డ ఊళ్లోకి వచ్చింది. ఇస్త్రీ చొక్కా ఆసామి దగ్గరా, మేకలు తోలుకుపోయే తాత దగ్గరా అదే రకం. డబ్బున్నవాడి వస్తువు, డాక్టరుగారి వస్తువు అన్న దూరం తగ్గింది.

ఉచితంగా పంచితే చాలా? దీనికి గట్టి జవాబు బంగ్లాదేశ్ నుంచి వచ్చింది. 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ దాకా జేసన్ అబలక్, లారా క్వాంగ్, అహ్మద్ ముష్ఫిక్ మొబారక్ తదితరులు 600 పల్లెల్లో, మూడు లక్షల నలభై వేల మందికి పైగా పెద్దవాళ్ల మీద ప్రయోగం చేశారు. లాటరీ వేసి సగం పల్లెల్లో మాస్కు ప్రచారం చేశారు, సగం పల్లెల్ని వాటి మానాన వదిలేశారు. ప్రచారం చేసిన పల్లెల్లో ఇంటింటికీ ఉచిత మాస్కులు ఇచ్చారు. సంతల్లో, మసీదుల దగ్గర పంచారు. ఊరి పెద్దలు, ఇమాములు ముందు తాము పెట్టుకున్నారు. మాస్కు లేకుండా కనబడ్డవాళ్లను ఆపి, కసరకుండా, ఒకటి చేతిలో పెట్టి పెట్టుకోమన్నారు. ఆ తర్వాత మనుషుల్ని నిలబెట్టి లెక్కపెట్టించారు. నోరూ ముక్కూ రెండూ కప్పితేనే లెక్క. గడ్డం మాస్కులు లెక్కలోకి రావు. మామూలు పల్లెల్లో 13 శాతం ఉన్న వాడకం ప్రచారం చేసిన పల్లెల్లో 42 శాతానికి పెరిగింది.

ఏవేవి పనిచేయలేదో చూడండి. ఫోన్‌కు పంపిన సందేశాలు తేడా తేలేదు. ఇంటి మీద బోర్డు, నలుగురి ముందు మాట ఇప్పించడం, ఊరికి బహుమతి కూడా తేలేదు. మీ ప్రాణం కోసం పెట్టుకోండి అని చెప్పినా, ఊరి కోసం పెట్టుకోండి అని చెప్పినా ఫలితం ఒకటే. మన దగ్గర మొదట్లో ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు, ఆ తర్వాత హెచ్చరిక వినిపించిన రికార్డును దీని పక్కన పెట్టి చూడాలి. బంగ్లా పల్లెల్లో పనిచేసింది ఎదురుగా నిలబడి చెప్పిన మనిషి, కళ్లముందు కట్టుకున్న పెద్దమనిషి. ప్రచారం ఆపేశాక వాడకం తగ్గింది, కానీ వెంటనే పూర్తిగా పడిపోలేదు. ఐదు నెలల తర్వాత కూడా ఆ పల్లెల్లో పక్క పల్లెలకన్నా ఎక్కువే ఉంది.

జబ్బు తగ్గిందా? లక్షణాలు ఉండి, రక్తపరీక్షలో తేలిన కేసులు ప్రచారం చేసిన పల్లెల్లో సుమారు తొమ్మిది శాతం తక్కువ. సర్జికల్ మాస్కులు పంచిన పల్లెల్లో 11 శాతం, వాటిలో అరవై దాటినవాళ్లలో 35 శాతం. గుడ్డ మాస్కుల పల్లెల్లో తేడా స్పష్టంగా తేలలేదు. ఇంత చిన్న తేడా నమ్మదగిందేనా అని గణాంక నిపుణులు వాదించుకున్నారు. నావరకు పెద్ద విషయం ఏమంటే, ఇది మాస్కు మీద జరిగిన పరీక్ష కాదు. వందలో అదనంగా ఇరవైతొమ్మిది మందికి మాత్రమే మాస్కు ఎక్కించిన ప్రచారం మీద జరిగిన పరీక్ష. 2023 జనవరిలో, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ మాస్కు ప్రయోగాలన్నిటినీ కలిపి చూసి తేడా దాదాపు లేదు అన్నప్పుడు ఇదే గందరగోళం మళ్లీ వచ్చింది. మాస్కులు పనిచేయవట అని పత్రికలు రాశాయి. మార్చిలో కోక్రేన్ ప్రధాన సంపాదకురాలు కార్లా సోరెస్‌వైజర్ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది: మేం చూసింది మాస్కులు పెట్టుకోమని ప్రోత్సహిస్తే అంటురోగాలు తగ్గుతాయా అన్నది మాత్రమే, అక్కడా జవాబు తేలలేదు అని. మందు మింగనివాణ్ణి కూడా లెక్కలో వేసుకుని మందు గుణం తేల్చబోతే ఇలాగే అవుతుంది.

అయినవాళ్ల దగ్గర

ఇప్పటిదాకా మార్కెట్‌నే చూశాం. వైరస్ ఎక్కువగా చేతులు మారింది అక్కడేనా?

ఆ వివరం మన రాష్ట్రం నుంచే ప్రపంచానికి తెలిసింది. రమణన్ లక్ష్మీనారాయణ్, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్య యంత్రాంగాల్లోని పరిశోధకులు కలిసి 2020 సెప్టెంబరు 30న ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు రాష్ట్రాల్లో 84,965 మంది రోగులు, వాళ్లతో మెలిగిన 5,75,071 మంది వివరాలు అందులో ఉన్నాయి. వలంటీర్లు, ఆశాలు, ఏఎన్ఎంలు గడప గడపకూ తిరిగి రాసుకున్న పేర్ల నుంచి వచ్చిన లెక్క అది. రోగుల్లో నూటికి డెబ్బైమంది ఎవరికీ అంటించలేదు. ఎనిమిది శాతం మంది నుంచే కొత్త కేసుల్లో అరవై శాతం వచ్చాయి. ఇంట్లోవాళ్లకు సోకే అవకాశం తొమ్మిది శాతం. బయట మెలిగినవాళ్లకు 2.6 శాతం, ఆసుపత్రుల్లో 1.2. అన్నిటికీ మించిపోయింది ఒకే బండిలో ఆరుగంటలకు పైగా దగ్గరగా కూచుని చేసిన ప్రయాణం: అలాంటివాళ్లు లెక్కలో కొద్దిమందే అయినా పదింట ఎనిమిది మందికి దాకా సోకింది.

విజయవాడ కృష్ణలంకలో 2020 ఏప్రిల్‌లో ఒక లారీ డ్రైవరు లాక్‌డౌన్‌లో పొద్దుపోక ఇరుగుపొరుగుతో పేకాడితే 24 మందికి అంటుకుందని అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు ఇంతియాజ్ చెప్పారు. ముక్కూమొహం తెలియనివాళ్లతో ఎవరూ పేకాడరు.

గడ్డం మాస్కు సూత్రం ఇక్కడ మనకు ఎదురు తిరుగుతుంది. తెలియనివాళ్ల మధ్య మాస్కు మర్యాద. అయినవాళ్ల మధ్య అదే మాస్కు అవమానం. చుట్టాల ఇంటికెళ్లి మాస్కుతో కూచుంటే “మాకేమన్నా రోగమా అబ్బోడా, తీసి కూచో” అంటారు. తీస్తాం. పెళ్లిలో పెట్టుకుంటే ఫొటోలో ముఖం పడదంటారు. తీస్తాం. అన్నం ముందు ఎలాగూ తీయాలి. నలుగురి కోసం పెట్టుకున్న గుడ్డను నలుగురి కోసమే తీస్తాం, అదీ వైరస్‌కు బాగా అనుకూలమైన చోట: తలుపులు మూసిన గది, గంటల తరబడి మాటలు, పక్కపక్కన భోజనం. పై కప్పు తప్ప నాలుగు వైపులా గాలి ఆడే మామిడి మార్కెట్‌లో పోలీసు చూస్తున్నాడని పైకి లాగిన మాస్కు, మిద్దె గదిలోని బావమరుదుల కూటమిలో తువ్వాలు పక్కన పడి ఉండేది. అవగాహన సభల్లో ఈ మాట చెప్పినట్టు గుర్తులేదు. బయటికెళ్తే మాస్కు అన్నారు. ఇంటికొస్తే మాస్కు అని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది, చెప్పినా ఎవరూ వినేవాళ్లు కాదేమో.

ఎంతకాలం

భయం పనిచేయదా? చేస్తుంది, కానీ ఎక్కువ రోజులు నిలవదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో చాలా రోజులు కొత్త కేసులు వందకు లోపే. మాస్కులు జారిపోయాయి. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ రోజున ముప్పు నిజంగానే తక్కువ. మే నడుమకొచ్చేసరికి అదే రాష్ట్రంలో రోజుకు 24 వేలు. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా దెబ్బతిని, అధికారుల లెక్క ప్రకారం 11 మంది చనిపోయారు. ఆ వారం జిల్లాలో మాస్కు పెట్టుకోమని ఎవరూ ఎవరికీ చెప్పనవసరం లేకపోయింది. కానీ తుంపరలు ఒకరినుంచి ఒకరికి పోవాల్సినవి మార్చి, ఏప్రిల్‌లలోనే పోయాయి. భయం ఎప్పుడూ కేసుల వెనక రెండు మూడు వారాలు నడుస్తుంది.

భయం తగ్గాక నిలిచేది అలవాటు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కొత్త పని ఆలోచన లేకుండా జరిగిపోయే స్థితికి రావడానికి సగటు మనిషికి 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా పట్టవచ్చని అంచనా. ముఖ్యమైంది ఇది: అలవాటు ఒక పనికి కాదు, ఒక చోటికి అతుక్కుంటుంది. బస్సెక్కితే పైకి, దిగితే కిందికి. ఆసుపత్రి గేటు దగ్గర పైకి, టీ బంకు దగ్గర కిందికి.

అలవాటు ముదిరితే ఎలా ఉంటుందో జపాన్ చూపించింది. అక్కడ మాస్కులు 1918 నాటి ఫ్లూ కాలం నుంచి ఉన్నాయి. జలుబు చేస్తే పెట్టుకోవడం, పరీక్షల కాలంలో పెట్టుకోవడం, పుప్పొడి పడకపోతే పెట్టుకోవడం. ఆడమ్ బర్జెస్, మిత్సుతోషి హోరీ 2012లోనే, అంటే కోవిడ్‌కు చాలా ముందే, అక్కడ మాస్కు ఊరట కోసం చేసే ఒక ఆచారంగా మారిపోయిందని రాశారు. 2023 మార్చి 13న జపాన్ ప్రభుత్వం ఇక మీ ఇష్టం అంది. మర్నాడు వీధుల్లో చాలామంది మాస్కులతోనే తిరిగారు. మూడేళ్లు కప్పుకున్న ముఖాన్ని విప్పడానికి మొహమాటపడ్డవాళ్ల కోసం నవ్వు నేర్పే తరగతులకు గిరాకీ వచ్చింది. మాస్కుతో మనిషి అందంగా కనిపిస్తాడని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ లూయిస్ చేసిన పరిశోధన కూడా తేల్చింది; కనబడని సగాన్ని మెదడు తనకు తోచినంత బాగా పూరించుకుంటుందని ఒక వివరణ.

మన దగ్గర అంత దూరం పోలేదు. విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం పెట్టిన ఆంక్షలు 2022 మార్చి 31తో ముగిశాయి. ఆ జూన్‌లో మామిడి వచ్చేసరికి మార్కెట్‌లో మాస్కు వెతికితేగానీ కనబడలేదు. కానీ అదే కాయ గుజ్జు ఫ్యాక్టరీకి చేరాక, అక్కడ కోత బల్లల దగ్గర నిలబడే ఆడవాళ్ల తలకు టోపీ, మూతికి మాస్కు. ఆ నియమం కోవిడ్‌కు ముందూ ఉంది, తర్వాతా ఉంది. గుజ్జు గల్ఫ్‌కూ యూరప్‌కూ పోవాలి, కొనేవాడి తనిఖీ ఉంటుంది. ఎనిమిది గంటలు ఆవిరి ఉక్కలో మాస్కు ముక్కు మీదే ఉంటుంది. షిఫ్టు దిగి గేటు దాటి ఆటో ఎక్కగానే కొంగుతో ముఖం తుడుచుకుని తీసేస్తారు. లోపల ఉక్కపోయడం లేదా అమ్మా అని అడిగితే వచ్చే జవాబు ఇది:

“పోస్తాది సార్. లోపల అందురూ కట్టుకుంటారు గదా, నేనొక్కదాన్నే ఎట్ట తీసేది?”